తేటపడిన సీసాలు

అక్క వృత్తి రుచి చూడటం. ఊళ్ళు తిరగడం, తెల్లగుడ్డ పరిచిన బల్లల ముందు కూర్చోవడం, వరసగా పెట్టిన గ్లాసుల్లోంచి ఒక్కో గుక్క నోట్లోకి తీసుకుని, నాలుక మీద అటూ ఇటూ ఆడించి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేయడం. మింగకూడదు. మింగితే కాసేపటికి అన్ని గ్లాసులూ ఒకేలా కనిపిస్తాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పెద్దాయన చెప్పిన మాట అది. ఆవిడ ఎన్నడూ తప్పలేదు.

ఇంట్లోవాళ్ళకి మాత్రం ఇదంతా వేళాకోళం. ఆవిడకి మంచినీళ్ళిచ్చినా ముందు వాసన చూసి, వెలుతురుకి ఎత్తి చూసి, ఆపైన గానీ తాగదని నవ్వుకునేవారు. చెల్లెలి మొగుడైతే పెళ్ళయిన కొత్తలోనే "నాలుకమ్మగారు" అని పేరు పెట్టేశాడు. ఎదురుపడ్డా, ఫోన్ చేసినా, నలుగురిలో ఉన్నా అదే పిలుపు. ఆవిడా ఏమనుకునేది కాదు. అతను బుడగల వైన్ తయారుచేసేవాడు, ఆవిడ రుచి చూసేది. వండేవాడికి తినేవాళ్ళంటే ఉండే చనువు అది.

ఆ ఏడు పోటీల సీజను ముగిసేసరికి అక్కకి ఒళ్ళు హూనమైపోయింది. నాలుక తోలుముక్కలా ఉంది. ఏ గ్లాసు ఎత్తినా అది బాగుందో లేదో తెలుస్తూనే ఉంది. తనకి నచ్చిందో లేదో తెలియడం మాత్రం ఎప్పుడో మానేసింది. నెల రోజులు ఎవరూ ఏమీ అడగకుండా ఉంటే చాలని అనుకుంటున్న సమయంలో చెల్లెలు ఫోన్ చేసింది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నానక్కా. ఒకసారి రావాలి. వచ్చేటప్పుడు నీ గ్లాసు తెచ్చుకో."

మరిది పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. అక్క మారు మాట్లాడకుండా బయల్దేరింది.

చెల్లెలి ఇల్లు గుట్ట వాలులో ఉంటుంది. చుట్టూ ద్రాక్షతోట, ఇంటి కింద సుద్దరాయిలో తొలిచిన నేలమాళిగ. మరిది తాతల నాటిది. అక్క వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. హాల్లో అట్టపెట్టెలు, గోడల మీద పటాలు తీసేసిన తెల్లటి మచ్చలు. చెల్లెలు గుమ్మంలోకి వచ్చి నవ్వింది గానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. మనిషి సగమైపోయింది. కళ్ళ కింద నల్లగా గుంటలు.

"నిద్రపోతున్నావా అసలు?"

"పోతున్నాను. మధ్యమధ్యలో."

వంటగదిలో సామాన్లన్నీ సర్దేయగా మిగిలిన రెండు కప్పుల్లో కాఫీ పోసింది. తోటా ఇల్లూ నేలమాళిగా కలిపి ఒక కంపెనీకి అమ్మేసింది. ఎల్లుండి వాళ్ళు వచ్చి తాళాలు తీసుకుంటారు. తను పట్నంలో చిన్న ఫ్లాట్ చూసుకుంది. ఇవన్నీ ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పి, కప్పు వంక చూసింది.

"మా పెళ్ళైన ఏడాది వైన్ ఒక చట్రం నిండా ఉందక్కా. ఇరవై అయిదేళ్ళ పండగకి తీద్దామని దాచారు. పోయిన ఏడే బోర్లా పెట్టి తిప్పడం మొదలుపెట్టారు. అంతలోనే..."

అక్కకి ఆ సంగతి తెలుసు. బుడగల వైన్ సీసాలోనే పులుస్తుంది. పులిసిన మడ్డి సీసాలోనే ఉండిపోతుంది. దాన్ని దించడానికి సీసాల్ని చెక్క చట్రాల కంతల్లో ఏటవాలుగా, మెడ కిందికి వచ్చేలా గుచ్చుతారు. రోజూ ఒక్కో సీసానీ రవ్వంత తిప్పి, రవ్వంత నిలబెడతారు. వారాల తరబడి ఓపిగ్గా అలా చేస్తే మడ్డంతా జారి మెడలోకి చేరుతుంది, పైన వైన్ అద్దంలా తేటపడుతుంది. మధ్యలో ఆపేస్తే మడ్డి ఎక్కడిదక్కడే అంటుకుని, కదిపితే మబ్బులా లేస్తుంది. మరిది ఆ చట్రం తిప్పడం మొదలుపెట్టిన వారంలోపే పోయాడు. అన్నానికి పైకి రాకపోతే చెల్లెలు దిగి చూసింది. స్టూలు మీద కూర్చుని, గోడకి తల ఆనించి, నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

"నువ్వు రుచి చూసి చెప్పాలక్కా. అందులో ఏమేం ఉన్నాయో. నేను తాగలేను. నోటిదాకా వెళ్ళదు."

"చూస్తాను. కాకపోతే మడ్డిగా ఉంటుందే చిట్టీ. సగంలో వదిలేసిన పని కదా. రుచి తేలదు."

చెల్లెలు కప్పు కింద పెట్టింది. "ఉండదక్కా," అంది మెల్లగా. "తేటగానే ఉంటుంది."

ఎలా తెలుసని అడగాలనుకుంది అక్క. ప్రయాణపు బడలికలో ఆ మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

నేలమాళిగ తలుపు వంటగది వెనక నడవాలో ఉంది. పచ్చరంగు వేసిన పాత చెక్క తలుపు. పక్కనే ఒక పొట్టి స్టూలు. చెల్లెలు గొళ్ళెం తీసి, తను మాత్రం గడప ఇవతలే నిలబడింది.

"నేను రాను. ఇక్కడే ఉంటాను. తలుపు మూస్తాను, లేకపోతే చల్లదనం పోతుంది. లైటు స్విచ్ మెట్ల కింద ఉంది. కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది, మళ్ళీ నొక్కుకోవాలి."

అక్క గ్లాసూ, మూత తీసే కత్తీ, ఉమ్మడానికి చిన్న గిన్నే పట్టుకుని మెట్లు దిగింది. ఫోను వంటగదిలో చార్జింగులో ఉంది. అది గుర్తొచ్చేసరికి సగం మెట్లు దిగేసింది. పైన తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు.

కింద స్విచ్ నొక్కగానే దూరందూరంగా పసుపురంగు బల్బులు వెలిగాయి. పొడుగాటి సొరంగంలాంటి గది. చెమర్చిన తెల్లటి గోడలు. తడిసుద్ద వాసన, పులిసిన పిండి వాసన, వాటి అడుగున ఎక్కడో పాత గోనెసంచుల ముక్కవాసన. చలి ఒక్కసారిగా మీద పడకుండా పాదాల్లోంచి మెల్లగా పైకి పాకింది. ఆవిడకి ఇలాంటి గదులు కొత్త కాదు. ఒక రకంగా ఇలాంటి చోట్లే ప్రాణానికి హాయిగా ఉండేవి. ఇక్కడ ఎవరూ మాట్లాడరు.

పెళ్ళినాటి చట్రం అన్నిటికన్నా లోపల, చివరి గోడకి ఆనించి ఉంది. పక్కనే మరిది కూర్చునే స్టూలు. మిగతా చట్రాల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుంది. ఈ చట్రంలో సీసాల అడుగులు మాత్రం ఎవరో తుడిచినట్టు మెరుస్తున్నాయి. ఎంత తిప్పిందీ తెలియడానికి మరిది ప్రతి సీసా అడుగునా సున్నంతో ఒక గీత గీసేవాడు. ఆ గీతలన్నీ ఒక్క తీరుగా, కవాతు చేసే సిపాయిల్లా, ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి.

అక్క ఒక సీసా తీసి, మెడ కిందికే ఉంచి, బల్బు వెలుతురుకి ఎత్తింది.

మడ్డంతా మెడలో గట్టిగా, బిరడా కొట్టినట్టు చేరి ఉంది. పైన వైన్ లేత బంగారు రంగులో, నలుసు కూడా లేకుండా మెరుస్తోంది. ఇంకొకటి తీసి చూసింది. అదీ అంతే. మరొకటి. అంతే. వారం తిప్పితే ఇలా తేరదు. ఎవరో చెయ్యి తిరిగినవాడు, రోజూ తప్పకుండా దిగి వచ్చి, చివరిదాకా చేసిన పని ఇది.

చెల్లెలే చేసి ఉంటుంది, పాపం, చెప్పుకోలేక దాచింది, అనుకుంది అక్క. ఆవిడకి అంతకన్నా ఆలోచించే ఓపిక లేదు. లైటు ఆరకముందే పని ముగించాలని మళ్ళీ స్విచ్ దాకా నడిచి నొక్కి వచ్చి, స్టూలు మీద కూర్చుంది. సీసాని వంచి, రేకుమూత కింద కత్తి దూర్చి, మరిది ఒకప్పుడు నేర్పినట్టే పైకి లేపుతూ ఒక్క విసురున మూత లాగింది. మడ్డి తుపుక్కున ఎగిరి గోడ మీద పడింది. బొటనవేలితో మూతి మూసి, ఒక్క క్షణం ఆగి, గ్లాసులో పోసింది.

నురుగు తెల్లగా లేచి, నెమ్మదిగా కుంగింది. బుడగలు దారంలా సన్నగా, ఒకదాని వెనక ఒకటి, అడుగునుంచి తెగకుండా వస్తున్నాయి. ఇన్నేళ్ళ వైన్‌లో బుడగ ఇంత సన్నగా ఉందంటే అది బతికే ఉందన్నమాట. ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు నిమ్మతొక్క. తర్వాత ముగ్గిన ఆపిల్, కాల్చిన రొట్టె పైపెచ్చు, వేయించిన బాదం. కాస్త ఆగితే తేనె. ఒక్కొక్కటీ ఒకదాన్నొకటి తోసుకోకుండా, పెద్దింటి పిల్లల్లా వరసగా వచ్చి నిలబడ్డాయి.

ఒక గుక్క తీసుకుని అలవాటుగా కళ్ళు మూసుకుంది.

నాలుక మీద బుడగలు చల్లగా పగిలి, ముందు పులుపు కత్తి అంచులా తగిలింది, దాని వెనకే మెత్తదనం. చివర్న సుద్ద. ఉప్పగా, తడిగా, ఈ గోడల రుచే. గిన్నె ఒళ్ళోనే ఉంది. ఉమ్మాలి. ఆవిడ ఉమ్మలేదు. ఎందుకో తెలియదు. ఇన్నేళ్ళలో మొదటిసారి మింగింది. వెచ్చటి గీతలా అది గొంతులోంచి దిగింది. భుజాల మీద ఎప్పటినుంచో మోస్తున్న బరువు ఎవరో పక్కకి దించినట్టయింది. నచ్చింది. తనకి ఇది నచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అలా ఎంతసేపు కూర్చుందో. కళ్ళు తెరిచింది.

తెరిచినా ఏమీ మారలేదు. చీకటి.

లైటు ఆరిపోయింది. అంతే కదా అనుకుంది. స్విచ్ దాకా గోడ పట్టుకుని వెళ్ళొచ్చు. లేవబోయింది.

టక్.

సీసా చెక్కకి తగిలిన చప్పుడు. చిన్నది. దూరంగా, మెట్ల వైపు నుంచి.

టక్... టక్...

రెండు చేతులతో రెండేసి సీసాలు పట్టుకుని తిప్పితే వచ్చే చప్పుడు. ఆవిడ ఎన్నో నేలమాళిగల్లో విన్నదే. కాస్త ఆగడం. మళ్ళీ రెండు. ఆత్రం లేదు. అలవాటైన పని. ఒక చట్రం అయి, తర్వాతి చట్రం. ఇంకొంచెం దగ్గరగా.

"చిట్టీ?" అంది అక్క.

చప్పుడు ఆగింది.

చలి పెరిగిందో, తనకే అలా అనిపించిందో. గ్లాసులో బుడగలు చిటచిటలాడటం వినిపిస్తోంది. ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. అడుగుల చప్పుడు లేదు. ఎవరూ నడవలేదు. అయినా తడిసుద్ద వాసన ముఖానికి దగ్గరగా వచ్చింది... ఇంకా దగ్గరగా... ఎవరో వంగి, తన ముఖానికి ఎదురుగా ముఖం పెట్టినట్టు.

"ఎలా ఉంది... వదినా?"

గుసగుస. మగ గొంతే. బొంగురుగా, నాలుక తడిపొడిగా ఆడుతున్నట్టు. మరిది అడిగే ప్రశ్నే. ప్రతిసారీ, ప్రతి వైన్‌కీ, గ్లాసు చేతికివ్వగానే అడిగే ప్రశ్న. పెదవులు ఎండిపోయాయి. అయినా ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం అలవాటైన నోరు.

"బాగుంది."



"ఏమేం... ఉన్నాయి?"

"నిమ్మతొక్క," అంది అక్క.

"నిమ్మతొక్క..." అని చీకటి చప్పరించింది.

"ఆపిల్. ముగ్గింది."

"ఆపిల్..."

"కాల్చిన రొట్టె. బాదం."

"బాదం... బాదం..." ఆ మాటని నమిలినట్టు. మింగినట్టు. చేతిలో గ్లాసు తేలికైంది. అక్క గ్లాసు గట్టిగా పట్టుకుంది. ఒలకలేదు. వేళ్ళకి తడి తగల్లేదు. ఊరికే తేలికైంది.

"ఇంకా?"

తేనె అని చెప్పబోయింది. అంతలో ఏదో అనిపించింది. ఇప్పుడే చెప్పినవి నోట్లో లేవు. నిమ్మతొక్క లేదు, ఆపిల్ లేదు. చెప్పినవన్నీ చెప్పినట్టే నాలుక మీంచి తుడుచుకుపోయాయి. తేనె ఒక్కటే మిగిలింది. అక్క పళ్ళు బిగించి నోరు మూసుకుంది.

"ఇంకా... ఇంకా?"

ఊపిరి బుగ్గకి తగిలింది. చల్లటి ఊపిరి కాదు.

"అక్కా! ఇంకా కాలేదా?" పైనుంచి, తలుపు వెనకనుంచి, చెల్లెలి కేక లీలగా వినిపించింది.

"అక్కా..." అంది ఆ గొంతు, చెవి పక్కనే. "ఇంకా కాలేదా..."

చెల్లెలి యాసే. చెల్లెలి రాగమే. ఆడగొంతు ఎలా పట్టుకోవాలో నేర్చుకుంటున్నట్టు, చివర్న కాస్త తడబడింది.

అంతలో పైన తలుపు తెరుచుకుంది. మెట్ల మీద బూడిదరంగు వెలుతురు పడింది. అక్క లేచింది. గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. చట్రాలు రాసుకుని మోచేతులు గీరుకుపోతున్నా ఆ వెలుతురు వంకే చూస్తూ నడిచింది. పరిగెత్తలేదు. పరిగెత్తితే వెంటపడుతుందనిపించింది. వెనక ఏదీ రాలేదు. మెట్లు ఎక్కుతుండగా, కింద మళ్ళీ మొదలైంది, తాపీగా. టక్... టక్...

పైకి వచ్చి గొళ్ళెం పెట్టి, నడవాలో గోడకి ఆనుకుని కూలబడింది. సాయంకాలపు ఎండ ఇంకా కిటికీలో ఉంది.

చెల్లెలు పక్కన కూర్చుని అక్క చేతులు పట్టుకుంది. భయపడిన ముఖం కాదు అది. ఆశపడుతున్న ముఖం.

"విన్నావా? తిప్పుతున్నారు కదూ?"

అక్క తలూపింది.

"నాకు తెలుసు. చెప్తే పిచ్చిదాన్నంటారని ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయిన వారానికే మొదలైంది. మొదలుపెట్టిన పని వదిలేసే మనిషి కాదు కదా." చెల్లెలు ఇంకా దగ్గరికి జరిగింది. "నాతో ఎప్పుడూ మాట్లాడరు. నేనే మాట్లాడతాను. మధ్యాహ్నాలు ఈ స్టూలు మీద కూర్చుని, తలుపుకి చెంప ఆనించి చెప్పుకునేదాన్ని. నేను మాట్లాడుతున్నంతసేపూ తిప్పడం ఆపి వినేవారు. నీతో మాట్లాడారా అక్కా? ఏమన్నారు?"

"ఎలా ఉంది వదినా, అన్నాడు."

చెల్లెలి వేళ్ళు సడలాయి.

"ఏమన్నారూ?"

"ఎలా ఉంది వదినా అని..." అంటూనే అక్క ఆగిపోయింది. అప్పటిదాకా తోచనిది అప్పుడు తోచింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆయన నిన్ను వదినా అని ఎప్పుడు పిలిచారక్కా?"

ఎప్పుడూ లేదు. పెళ్ళిపీటల మీద కూడా లేదు.

చెల్లెలు స్టూలు వంక చూసింది. "నిన్న నేనే చెప్పాను. ఇక్కడ కూర్చుని. 'రేపు మీ వదిన వస్తోంది, మన వైన్ రుచి చూస్తుంది' అని." ఆమె గొంతులో ప్రాణం లేదు. "నా మాటల్లోంచే తీసుకుంది."

"ఇన్నాళ్ళూ ఏమేం చెప్పావు?"

"అన్నీ చెప్పాను."

"అన్నీ అంటే?"

"అన్నీనక్కా. మొగుడికి ఏం చెప్పుకుంటాం, అన్నీ చెప్పుకుంటాం. చిన్నప్పటివి. నాకు దేనికి భయమో, దేనికి ఏడుపొస్తుందో. కొత్త ఫ్లాట్ ఎక్కడుందో. కిటికీలోంచి స్టేషన్ కనిపిస్తుందని."

"మా ఇల్లు?"

చెల్లెలు తల వంచుకుంది. "నీ గురించి చెప్పకుండా ఎలా ఉంటాను?"

తలుపు వెనక నిశ్శబ్దంగా ఉంది. తిప్పడం ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు.

అక్క లేచి నిలబడింది. ఆవిడలో ఏ పనైనా ముగించి ఇంటికి పోవాలనుకునే మనిషి ఒకతి ఉంది. ఆ మనిషే మాట్లాడింది. "బ్యాగు తీసుకో. మిగతావి కంపెనీవాళ్ళు పంపిస్తారు. పద." ఆ మాటలు కూడా తలుపు అవతలికి వినపడకుండా, పెదవులతోనే అంది.

చెల్లెలు కదల్లేదు. "ఆయనేనేమో అక్కా. చీకట్లో ఉండి ఉండి మర్చిపోయారేమో."

"అంత ఇష్టంగా పెట్టుకున్న పేరు మర్చిపోతాడా?"

చెల్లెలు పచ్చ తలుపు వంక చూస్తూ ఉండిపోయింది. ఆమె మొగుడు రెండోసారి పోయాడు, ఈసారి అక్క చేతుల మీదుగా. ఏడవలేదు. ఏడవడానికీ ఓపిక ఉండాలి.

"మరి ఇన్ని నెలలూ నేను ఎవరితో మాట్లాడానక్కా?" అంది చివరికి. "మరి ఆయనెక్కడున్నట్టు?"

వెలుతురు ఉండగానే ఇల్లు వదిలారు. కారు అక్కే నడిపింది. ద్రాక్షతోటలు దాటి పెద్దరోడ్డు ఎక్కారు. ఊళ్ళ దీపాలు కనపడ్డాక చెల్లెలు కిటికీవైపు తిరిగి అడిగింది.

"ఆ వైన్ ఎలా ఉందో చెప్పనేలేదు."

అక్క చెప్పబోయింది. ఒక్కొక్క రుచినీ తలుచుకోబోతే, కలలో చదివిన పుస్తకంలా అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ అర్థం తెలియడం లేదు. "నాకు నచ్చింది," అంది. "మింగేశాను."

చెల్లెలు అక్క భుజం మీద తల వాల్చింది. నచ్చిందన్న మాట అక్క ఎప్పుడైనా, దేని గురించైనా అనడం ఆమె వినలేదు.

ఇద్దరూ అక్క ఇంటికే వెళ్ళారు. చెల్లెలు తన గది లైటు ఆర్పకుండా పడుకునేది. మొదట్లో కళ్ళు మూయడానికే భయపడింది. తర్వాత్తర్వాత ఒళ్ళెరగని నిద్ర పట్టింది, ఏడాది నిద్ర బాకీ తీర్చుకుంటున్నట్టు. కొత్త ఫ్లాట్ వద్దనుకుంది. అక్క ఏమీ అడగలేదు. ఇల్లు పెద్దది కాకపోయినా ఇద్దరికి చాలుతుంది.

అక్క ఉద్యోగం మానేసింది. సెలవు అని చెప్పింది గానీ అది సెలవు కాదు. ఆపిల్ ముక్క నోట్లో పెట్టుకుంటే తడి, కరకర తప్ప ఇంకేం తెలియదు. నిమ్మకాయ పులుపు తెలుస్తుంది, వాసన తెలియదు. రొట్టె కాల్చినా కాల్చకపోయినా ఒకటే. బాదం చెక్కముక్క. మిగతావన్నీ మామూలుగానే ఉన్నాయి. ఉప్పు ఉప్పే, కాఫీ కాఫీయే. ఆ రోజు పేరు పెట్టి చెప్పినవి మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు గొంతులోకి టార్చి వేసి చూసి, అలసట వల్ల అలా అవుతుంది, విశ్రాంతి తీసుకోండి అన్నాడు. తేనె మాత్రం మిగిలింది. పొద్దున్నే ఒక చెంచాడు తేనె నాలుక మీద వేసుకుని, ఇది నాది అన్నట్టు కళ్ళు మూసుకుని కూర్చునేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. చెల్లెలు లోపలి గదిలో నిద్రపోతోంది. అక్క ఫోను తీసుకుని వరండాలోకి వచ్చింది.

"ఇబ్బంది పెడుతున్నానేమోనండీ. చిన్న విషయం. మీ చెల్లెలుగారు నేలమాళిగలో కుక్కని గానీ కట్టేసేవారా?"

"లేదండీ. వాళ్ళకి కుక్క లేదు."

"అలాగా. ఏం లేదు, పాత చట్రాలు పీకించేశాం. వెనక సుద్ద గోడ నిండా గుంటలున్నాయి. పనివాళ్ళు తవ్వినవి కావు. పశువులు ఉప్పుబండని నాకితే అరుగుతుంది చూడండి, నున్నగా, అలా ఉన్నాయి. మెట్ల పక్క గోడకి కూడా, పైదాకా." అవతల ఏవో కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు. "గోడలదేముందండీ, పూత వేయిస్తే పోతుంది. నడవాలో తలుపు మాత్రం మార్చక తప్పేలా లేదు. దానికీ లోపలి వైపు ఒకచోట చెక్క అలాగే అరిగిపోయింది, అరచెయ్యంత మేర. నిలబడితే కనపళ్ళేదు. పక్కన స్టూలుంటే కూర్చుని చూశాను, సరిగ్గా నా చెంప దగ్గరికి వచ్చింది. ఇవతలి వైపు పచ్చరంగు పొర ఒక్కటే మిగిలిందండీ."

అక్క చెల్లెలు పడుకున్న గది వంక చూసింది.

"విచిత్రం ఏమిటంటే," అన్నాడు మేనేజరు మొహమాటంగా నవ్వి, "పొద్దున వేలు ఆనించి చూస్తే ఆ చోటు వెచ్చగా ఉంది."